చెయ్యి అడ్డొచ్చిన ఫోటోలు

రీలు 1. దిబ్బలపాలెం

ఎండ: బండికి చాలినంత. నీళ్ళు: రెండు పీపాలూ నిండుగా. ఫిల్ము: ఎనిమిది రీళ్ళు. ఒక పాత సినిమా స్టూడియో చల్లగదిలో దొరికిన డబ్బాలోంచి చీకట్లో కోసి చుట్టినవి.

ఏ రోజు లెక్క ఆ రోజు రాసుకోవడం నాకు అలవాటు. ఇంతకాలం ఎండా నీళ్ళూ మాత్రమే రాసేవాణ్ణి. ఈ ప్రయాణానికి ఫిల్ము చేరింది. మాటల లెక్క కూడా రాయమని పైడప్ప పట్టుబట్టింది.

"నువ్వు నోరిప్పవు. ఎవులితో ఏటి మాటాడినావో రోజూ రాసుకో. రాయడానికైనా మాటాడతావు," అంది.

పైడప్ప నాకు వరసకు అక్క. పొద్దున్న వలల పాకలో ఊరంతా కూడినప్పుడు ముందు మాట్లాడింది ఆమే. ఈ ఏడు సముద్రం మూడో వీధి కూడా తీసుకుంది. వానలు వెనకబట్టగానే పనికి మనుషుల్ని తీసుకెళ్ళడానికి అద్దాల మెట్ట నుంచి బస్సు వస్తుంది. రెండేళ్ళ కిందట ఆ బస్సే వచ్చి పదకొండు కుటుంబాలను తీసుకెళ్ళింది. పైడప్ప కూతురు నూకరత్నం వాళ్ళల్లోనే ఉంది. ఇప్పుడు మిగిలినవాళ్ళం ఎక్కాలా వద్దా తేల్చుకోవాలి.

వెళ్ళినవాళ్ళ బొమ్మలు ప్రతి అమావాస్యకూ బియ్యం కొట్టు తెర మీదికి వస్తాయి. అక్కడి గేటుకు బిగించిన గాజు కన్ను పంపుతుంది. అందరూ నవ్వుతూనే ఉంటారు.

"రెండేళ్ళయింది," అంది పైడప్ప. "దాని పైట మారలేదు. ముక్కుపుడక పక్కకి జరగలేదు. మడిసన్నాక ఒక్క వెంట్రుకైనా రాలదా?"

"కన్ను మంచి మొహం ఏరుకుని పంపుతాది అప్పా. అందరికీ అంతే," అన్నాడు గంగులు. పాకలో అందరికన్నా గొంతు పెద్దది అతనిదే.

"అయితే కన్ను లేని పెట్టితో తీసుకురండి."

అందరూ నా వైపు చూశారు. కన్ను లేని పెట్టె, అంటే పాత ఫిల్ము కెమెరా, ఉన్నది నా దగ్గరే. నడిచే బండి ఉన్నదీ నా దగ్గరే. ఫోటోలు తీయడం నాకు ఎవరూ నేర్పలేదు. విరిగిన కెమెరాలు విప్పి, మళ్ళీ బిగించి, చెడగొట్టి నేర్చుకున్నాను.

"నిలబడ్డవి వద్దురా కూర్మయ్యా," అంది పైడప్ప బండి దాకా వచ్చి. "వండుకుంటన్నవి, నీళ్ళు మోత్తన్నవి, తిట్టుకుంటన్నవి కావాల. నా రత్నం పని సేత్తన్నప్పుడు ఒక్కటి తీసుకురా. అది సూసి ఎక్కాలో మానాలో నాను సెప్తాను."

బయల్దేరే ముందు పరీక్షగా ఆమెకే ఒక ఫోటో తీద్దామని కెమెరా ఎత్తాను. కుడి చెయ్యి ఎత్తి, అరచెయ్యి నాకు చూపించి, కదలకుండా నిలబడిపోయింది. వెనక గంగులూ అంతే. వల అల్లుతున్నవాళ్ళు కూడా వల వదిలేసి చేతులెత్తారు.

వాళ్ళను అని లాభం లేదు. బియ్యం కొట్టు తలుపుకు కన్ను, కుళాయికి కన్ను, ఊరి గేటుకు కన్ను. గుండ్రటి గాజు కనిపిస్తే కుడి అరచెయ్యి చూపాలి. గీతలు సరిపోతే తెరుచుకుంటుంది, ఒక చేతికి ఒక్కో కన్ను దగ్గర రోజుకు ఒక్కసారే. గేటైతే ఒక్క మనిషికే. చేతులు నమోదు చేసిన కార్యాలయం కొన్నేళ్ళ కిందటే మూతపడింది. కన్నులు మాత్రం పనిచేస్తూనే ఉన్నాయి.

మాటలు: "ఊఁ." "తెస్తాను."

రీలు 2. గోదావరి రేవు

ఎండ: మబ్బు. నీళ్ళు: నింపుకున్నాను. ఫిల్ము: ఒక రీలు, అంతా వృథా.

నది దాటించే పంటు కోసం రేవులో ఆగాను. ఒడ్డున సత్తిరాజు అనే ఆయన చేపలు కోస్తున్నాడు. మోకాళ్ళ మధ్య కత్తిపీట, పక్కన బుట్ట, చుట్టూ కాకులు. పైడప్ప అడిగింది ఇలాంటిదే. దగ్గరికెళ్ళి కెమెరా చూపించి తల ఊపాను.

"ఆయ్, తీసుకోండి బాబూ, దాందేముంది!" అంటూ చేపను వదిలేసి కుడి చెయ్యి ఎత్తాడు.

"కొయ్యండి," అన్నాను.

"అలాగేనండి." చేపను తీసుకున్నాడు. నేను కెమెరా ఎత్తాను. చేప కింద పడింది, చెయ్యి పైకి లేచింది.

"కొయ్యండి."

"కోస్తానండి, కొయ్యనని ఎవరన్నారండి? మీరు ముందు ఆ గాజు అటు తిప్పండి."

"తిప్పితే ఫోటో రాదు."

"తిప్పకపోతే చేప తెగదండి మరి!"

ఆయన భార్య బుట్ట మీద చెయ్యి వేసుకుని పడీ పడీ నవ్వింది. "మీరిద్దరూ ఇలాగే కూచుంటే కాకులు కోసుకుపోతాయండీ చేపల్ని," అంది. ఆ నవ్వు తీద్దామని అటు తిరిగాను. నవ్వు ఆగిపోయింది. ఆమె చెయ్యి లేచింది. ఆమె చంకలో పిల్ల కూడా పెరుగన్నం అంటుకున్న చిన్న చెయ్యి ఎత్తింది. దానికింకా నడక రాలేదు.

పంటు మీద అందరూ కబుర్లు చెప్పుకున్నారు. నన్ను ఏ ఊరని అడిగారు. చెప్పాను. ఇంకేమైనా చెబుతానేమోనని కాసేపు చూసి వాళ్ళ మాటల్లోకి వాళ్ళు వెళ్ళిపోయారు. అవతలి ఒడ్డున అందరికీ ఎవరో ఒకరు ఎదురొచ్చారు.

మాటలు: "కొయ్యండి," చాలాసార్లు. "తిప్పితే ఫోటో రాదు." "దిబ్బలపాలెం."

రీలు 3. కృష్ణ దాటాక, కూలిన వంతెన దగ్గర

ఎండ: బాగా. నీళ్ళు: ఫిల్ము కడగడానికి ఒక పీపా వాడాను. ఫిల్ము: దారిలో నాలుగు ఊళ్ళు. అన్నిట్లోనూ చేతులే.

వంతెన దగ్గర గురవమ్మ టీ కొట్టు ఒక్కటే ఉంది. ఆమె నాకన్నా కాస్త పెద్దది. బండి చార్జి ఎక్కేదాకా అక్కడ ఆగి ఫిల్ము కడుగుదామనుకున్నాను. నల్ల సంచిలో చేతులు పెట్టి రీలును డబ్బాలోకి ఎక్కించాను. కాఫీ కషాయం, చాకలి సోడా, ఉసిరి పొడి కలిపి పోశాను. తర్వాత బొమ్మ చెరిగిపోకుండా హైపో. కడిగిన ఫిల్మును ఆమె పందిరి కర్రకు వేలాడదీశాను.

"ఏందయ్యా ఈ తోరణాలు? పెళ్ళా?" అంటూ వచ్చింది గురవమ్మ.

భూతద్దం ఇచ్చాను. ఒక్కో బొమ్మా ఎండకు పట్టి చూసింది.

"అందరూ దీవిస్తన్నారుగా! ఇన్ని దీవెనలు మూట గట్టుకొని యాడికి పోతన్నావు?"

చెప్పాను. నాలుగు మాటల్లో అయిపోయింది.

"అట్టాగా," అంది. మళ్ళీ భూతద్దంలోకి తల పెట్టింది. "ఇదిగో, ఈడు చేపలు కోసేటోడు గదా?"

"ఎలా తెలుసు?"

"చెయ్యంతా గాట్లేగా. ఈమె చూడు, వేళ్ళకి రంగు. అద్దకం పని. నీ ఫోటోలు బాగానే ఉండయ్యా, ఎందుకట్టా మొహం మాడ్చుకుంటావు?"

మా అప్ప అడిగింది చేతులు కాదని అన్నాను. ఆమె భుజాలు ఎగరేసి పొయ్యి దగ్గరికి పోయింది. కాసేపటికి రెండు కంచాలు తెచ్చి ఎదురెదురుగా పెట్టింది. దోసకాయ కూర, జొన్న రొట్టె. తింటున్నంతసేపూ ఆమే మాట్లాడింది. ఈ దారిన మనిషి వచ్చి ఎన్నాళ్ళయిందో, వచ్చినవాళ్ళు టీ తాగి డబ్బాలో పోసిన నీళ్ళలా ఎట్లా కదలకుండా కూచుంటారో. "నీలాగే," అంది.

ఏదో ఒకటి అనాలనిపించింది. ఏమనాలో బండి కదిలాక తెలిసింది. "కూర బాగుంది," అన్నాను స్టీరింగుతో. వినేవాళ్ళు లేరు కాబట్టి దాన్ని లెక్కలో వేయడం లేదు.

మాటలు: ప్రయాణం సంగతి, నాలుగు మాటల్లో. "ఎలా తెలుసు?" "అప్ప అడిగింది చేతులు కాదు." "వస్తాను."

రీలు 4. నల్లమల దారి

ఎండ: చెట్ల నీడ వల్ల తక్కువ. బండి మెల్లగా నడిచింది. ఫిల్ము: సగం రీలు.

రోజంతా మనిషి లేడు. సాయంత్రం ఒక గూడెం తగిలింది. ఈసారి ఒక ఉపాయం చేశాను. కెమెరాను బియ్యం డబ్బాలో పెట్టి, డబ్బాకు చిన్న కన్నం చేసి, ఆ డబ్బా పక్కన పెట్టుకుని కూచున్నాను. ఒక ముసలాయన కొర్రలు దంచుతున్నాడు. దంచుతూ తనలో తాను ఏదో గొణుక్కుంటున్నాడు. మధ్యలో ఆగి రోకలిని తిట్టాడు. సరిగ్గా అప్పుడు నొక్కాను.

తర్వాత ఆయన నాకు తేనె పెట్టాడు. తింటూ ఆ డబ్బా వైపు చూశాను. మనిషికి చెప్పకుండా మనిషిని తీసేది కన్ను. అదే పని నేనూ చేసి, కన్ను లేని పెట్టె అని ఊళ్ళో ఎలా చెప్పుకుంటాను? ఫిల్ము కడిగాక ఆ ఒక్క ముక్క కత్తిరించి పొయ్యిలో వేశాను. మంచి ఫోటో అది.

ఇంకో సంగతి. ఫిల్ము సరిగ్గా తిరుగుతుందో లేదో చూడటానికి బండి పక్క అద్దంలో నన్ను నేనే తీసుకున్నాను. కడిగి చూస్తే అందులో నేను ఎడమ చేత్తో కెమెరా పట్టుకుని, కుడి అరచెయ్యి అద్దానికి చూపిస్తున్నాను. ఎత్తినట్టు నాకు గుర్తే లేదు.

మాటలు: "తేనె బాగుంది." ఈసారి సమయానికే అన్నాను.

రీలు 5. అద్దాల మెట్ట

ఎండ: కళ్ళు తెరవలేనంత. ఫిల్ము: ఒక రీలు పూర్తిగా.

పెన్న దాటి చాలా దూరం ఎర్రమట్టే. ఆ తర్వాత మెట్ట మీద మైళ్ళ కొద్దీ అద్దాలు, అన్నీ సూర్యుడి వైపు మొహం పెట్టి ఉన్నాయి. కంచె, గేటు, గేటుకు లోపల ఒక కన్ను, బయట ఒక కన్ను. చెయ్యి చూపాను. తెరుచుకుంది.

మేస్త్రీ ఓబులేసు ఎదురొచ్చాడు. నవ్వుమొహం మనిషి.

"యాన్నుంచి వస్తాండావన్నా? సముద్రం కాన్నుంచా! రా రా, మజ్జిగ తాగు. మీవాళ్ళంతా బాగుండారు. ఏం కొదవ ల్యా. ఇంకో నలభై కుటుంబాలొచ్చినా కడుపులో పెట్టుకుంటాం."

ఆయన మాట్లాడుతున్నంతసేపూ చిన్న గిన్నెలోంచి ఆముదం తీసి అరచేతులకు రాసుకుంటూనే ఉన్నాడు. ఇక్కడి గాలికి చర్మం పగులుతుందేమో అనుకున్నాను.

మజ్జిగ చల్లగా ఉంది. ఇళ్ళు గట్టివి. నీళ్ళున్నాయి. మా ఊళ్ళో ఇవేవీ లేవు. ఇక్కడికి రావచ్చు అనే అనుకున్నాను, నిజం చెప్పాలంటే.

మావాళ్ళు చేసే పని అద్దాలు తోమడం. రోజూ తెల్లటి దుమ్ము పట్టి గట్టిపడుతుంది. తడిపి, పొడి జల్లి, అరచేత్తో రుద్దాలి. తొడుగులు వేసుకుంటే నలుసు తెలియక అద్దం గీరుకుపోతుందట.

నూకరత్నం ఒక వరస చివర కనిపించింది. చిక్కింది. జుట్టులో తెలుపు వచ్చింది. ముక్కుపుడక లేదు. తెర మీద ఇప్పటికీ ఉంది.

"మావా!" అని పరుగెత్తుకొచ్చింది. చేతులు రెండూ పైట చెంగులో చుట్టుకుని ఉన్నాయి. "మాయమ్మ ఎలాగుంది? ఇంకా అందరినీ తిడతందా?"

"తిడుతోంది."

"అయితే బాగుందన్నమాట. నువ్వేటి, ఇంత దూరం వొచ్చి రెండు మాటలే తెచ్చినావా?"

ఓబులేసు పక్కనే నిలబడి నవ్వాడు. రత్నం కూడా నవ్వింది. బాగున్నానంది. అందరం బాగున్నామంది. "అమ్మకి అదే సెప్పు," అంది. నా వైపు చూడకుండా ఓబులేసు ఆముదం గిన్నె వైపు చూసి అంది.

పనిలో ఉండగా ఒకటి తీస్తానన్నాను. వరసలో ఆడవాళ్ళు అద్దాల మీద వంగారు. కెమెరా ఎత్తాను. అందరూ లేచి నిలబడి చేతులెత్తారు. రత్నం చెయ్యి కూడా చెంగులోంచి బయటికి వచ్చి, పైకి లేచి, నేను నొక్కిన వెంటనే చెంగులోకి వెళ్ళిపోయింది. మొహంలో ఒక్క క్షణం భయం లాంటిది కనిపించింది. ఎంత బతిమాలినా మళ్ళీ ఎత్తలేదు. రీలు పూర్తయ్యేదాకా మిగతావాళ్ళను తీశాను. నా బతుక్కి ఒక్క మామూలు ఫోటో రాదని తేలిపోయింది.

గేటు దగ్గర ఓబులేసు భుజం తట్టాడు. "బస్సు పంపుతాండామని చెప్పన్నా."

మాటలు: "తిడుతోంది." "ఒకటి తీస్తాను." "సరే." "సరే."

రీలు 6. ఎండిపోయిన వాగు

నీళ్ళు: తగ్గాయి. ఎండ రాయడం మర్చిపోయాను.

నిన్నటి రీలు ఈరోజు పొద్దున్న కడిగాను. ఎండకు పట్టి భూతద్దం పెట్టాను.

మొదట మందు చెడిపోయిందనుకున్నాను. నెగటివులో అరచెయ్యి నల్లగా వస్తుంది, గీతలు తెల్లగా వస్తాయి. రత్నం చేతిలో తెల్లగీత ఒక్కటి లేదు. కడిగిన పలకలా ఉంది. ఫోకస్ తప్పిందేమో అని పక్కన చూశాను. ఆమె చీర మీద గళ్ళు ఒక్కో పోగూ తెలుస్తోంది. చేతి గాజుకున్న పగులు కూడా తెలుస్తోంది. చేతిలోనే ఏమీ లేదు.

పక్కామె చెయ్యీ అంతే. ఆ పక్కామెదీ అంతే. వరస వరసంతా నవ్వుమొహాలు, ఖాళీ చేతులు.

పెట్టెలోంచి పాత రీళ్ళన్నీ తీశాను. గోదావరి సత్తిరాజు చేతిలో గాట్లతో సహా గీతలన్నీ ఉన్నాయి. చంకలో పిల్లకు కూడా వెంట్రుకంత గీతలున్నాయి. పక్క అద్దంలో నా చేతిలో ఉన్నాయి. అద్దాల మెట్టలో గీతలున్న చెయ్యి ఒక్కటే కనిపించింది. అది వెనక నిలబడి ఎత్తిన ఓబులేసుది. నూనె పెట్టి తుడిచినట్టు స్పష్టంగా ఉంది.

పొడితో అద్దాలు రుద్ది రుద్ది ఆ చేతుల గీతలు అరిగిపోయాయి; ఓబులేసు ఆముదం రాసుకునేది తన గీతలు కాపాడుకోవడానికే.

గీతలు లేని చేతికి ఏ గేటూ తెరుచుకోదు. ఏ కుళాయీ తిరగదు. మళ్ళీ నమోదు చేసేవాళ్ళు లేరు. ఆ అద్దాలు ఇంకో నలభై కుటుంబాల చేతులు తినేస్తాయి. తర్వాత ఇంకో ఊరికి బస్సు పోతుంది. కన్ను మాత్రం రెండేళ్ళ కిందటి మొహం పెట్టి, రెండేళ్ళ కిందటి చెయ్యి పెట్టి బొమ్మ పంపుతూనే ఉంటుంది. రత్నం చేతులు ఎందుకు దాచుకుందో ఇప్పుడు తెలిసింది. వాళ్ళమ్మకు తెలియకూడదని దాచుకుంది. నా కెమెరా గాజు చూడగానే చెయ్యి తనంతట తనే బయటికొచ్చేసింది.

చెయ్యి అడ్డొచ్చిందని ఇన్నాళ్ళూ ఒక్కో రీలునూ వృథా అని రాశాను.

బండి వెనక్కి తిప్పాను.

మాటలు: లేవు. ఎవరూ లేరు.

రీలు 7. మళ్ళీ అద్దాల మెట్ట

ఫిల్ము: ఒక్క ఫోటో.

"ఫిల్ము చెడిపోయింది," అన్నాను ఓబులేసుతో. అంతకన్నా పొడుగ్గా అబద్ధం చెప్పడం నాకు రాదు. నా మొహం చూసి జాలిపడ్డాడు.

"దానికింత దూరం తిరిగొచ్చినావా అన్నా! పో, తీసుకో పో. నేను భోంచేసొస్తా."

మిట్టమధ్యాహ్నం. ఆడవాళ్ళు అద్దాల కింద నీడలో కూచుని సంగటి తింటున్నారు. రత్నం పక్కన కూచుని ఫిల్ము ముక్క, భూతద్దం చేతికిచ్చాను. చూసింది. మళ్ళీ నాకిచ్చేసింది.

"నీ పెట్టి పాడుగాను," అంది నెమ్మదిగా. "రెండేళ్ళు దాసినాను మావా. ఒక్క నొక్కు నొక్కినావు."

"వచ్చెయ్యి. నా బండిలో."

"ఎలాగొస్తాననుకున్నావు?"

నేను గేటు వైపు చూశాను. అప్పుడు చెంగులోంచి ఎడమ చెయ్యి తీసింది. మణికట్టు నుంచి వేళ్ళ దాకా గుడ్డ చుట్టి ఉంది. విప్పి చూపించింది. లోపల చెయ్యి మెత్తగా, గీతలన్నిటితో, చిన్నపిల్ల చెయ్యిలా ఉంది.

వచ్చిన కొత్తలో ఆ చెయ్యి అద్దం అంచుకు తెగిందట. మానేలోపే పక్కవాళ్ళ చేతులు అరిగిపోవడం చూసి, ఇక గుడ్డ విప్పలేదట. మానని పుండని ఓబులేసుకు చెప్పిందట. కన్నుకు ఎడమ చెయ్యి కూడా తెలుసు. కానీ ఎడమ చెయ్యి కన్నుకు చూపడం, ఎడమ చేత్తో అన్నం పెట్టినంత తప్పు. అందుకే అది ఎవరికీ తోచలేదు, ఓబులేసుకు అసలే తోచలేదు.

"సిగ్గేసింది మావా, మొదటిసారి సూపించినప్పుడు. కుళాయి నీళ్ళొచ్చినాక సిగ్గుపోయింది." నవ్వింది. "ఆ కుళాయితోనే ఈ వరసంతా బతుకుతంది. ఓబులేసు కొలిసి పోసిన నీళ్ళు సాలవు. గేటు నాకు తెరుసుకుంటాది. నానెల్లిపోతే ఈళ్ళకి కుళాయి ఎవులు తిప్పుతారు?"

రత్నం సంగటి ముద్ద పక్కన పెట్టింది.

"ఒకరూ ఇద్దరూ పోతే మిగతావోళ్ళకి ఇనప తాళం ఏస్తాడు. పోతే అందరం ఒక్కసారే పోవాల. ఒక్కో మడిసికి ఒక్కో సెయ్యి గావాల, బయటికాడ." గొంతు తగ్గించింది. "బస్సొచ్చిన రోజు మమ్మల్నందరినీ గేటుకాడ నిలబెడతాడు మావా. కొత్తోళ్ళకి దణ్ణం పెట్టాల. మాకూ అలాగే పెట్టినారు, మాకన్నా ముందొచ్చినోళ్ళు. సేతులు జోడించి ఎంత మరియాదగా నిలబడ్డారో. అరసెయ్యి ఒక్కటీ కనబడలేదు."

దూరంగా ఓబులేసు చెయ్యి కడుక్కోవడం కనిపించింది.

"ఫోటో తీసుకొని ఎల్లు. అమ్మకి ఏటి సెప్తావో నీ ఇష్టం. నువ్వు సెప్పవులే, తెలుసు," అంటూ గుడ్డ మళ్ళీ చుట్టుకోవడం మొదలుపెట్టింది. నేను కెమెరా ఎత్తాను. కుడి చెయ్యి కదిలింది. కానీ గుడ్డ ఒక కొస దాని వేళ్ళల్లో ఉంది, రెండో కొస పళ్ళ మధ్య ఉంది. లేవబోయిన చెయ్యి ఆగి, గుడ్డనే లాగి బిగించింది. ఆమె నన్ను మర్చిపోయి ముడి వైపు చూసుకుంది.

నొక్కాను.

మాటలు: "ఫిల్ము చెడిపోయింది." "వచ్చెయ్యి. నా బండిలో." పక్క సీటు ఖాళీగానే ఉంది.

రీలు 8. దిబ్బలపాలెం

తిరుగుదారి లెక్క రాయలేదు. ఎక్కడా ఆగలేదు, గురవమ్మ కొట్టు దగ్గర తప్ప. అక్కడ కూర బాగుందని చెప్పాను. "నెల తర్వాత చెబితివా!" అని ఇంకో కంచం పెట్టింది.

వలల పాకలో ఫోటోలు చేతులు మారాయి. రత్నం ఫోటో పైడప్ప చేతిలోనే ఉండిపోయింది.

"పని సేత్తంది," అంది ముందు. సంతోషంగానే అంది. తర్వాత మొహం దగ్గరగా పెట్టుకుంది. "ఆ గుడ్డేటి? సెయ్యి తెగిందా?"

మానిందని చెప్పవచ్చు. అది అబద్ధం కూడా కాదు. అక్కడితో ఊరుకోవచ్చు. నేను లేచి నిలబడ్డాను. మొదటినుంచి చివరిదాకా చెప్పాను. మధ్యలో నీళ్ళు తాగి మళ్ళీ చెప్పాను. నేను అంతసేపు మాట్లాడగలనని ఆ పాకలో ఎవరికీ తెలియదు, నాకూ తెలియదు.

గంగులు గొంతు సవరించుకున్నాడు. "అయితే బస్సు ఎక్కం. తేలిపోనాది."

"ఎక్కకపోతే ఆళ్ళెలాగొస్తారు?" అంది పైడప్ప.

"అప్పా, ఎక్కితే మన సేతులు..."

"లోపలికెల్తే కదరా! బస్సు గేటు బయటే దింపుతాది. ఒక్కొక్కరం కన్నుకి సెయ్యి సూపుతాం. గేటు తెరుసుకుంటాది. మనం ఎల్లం. ఆళ్ళొస్తారు. కన్ను సెయ్యి సూస్తాది గానీ, ఎవులు లోపలికెల్లినారో ఎవులు బయటికొచ్చినారో దానికేటి తెలుసు?" నా వైపు తిరిగింది. "ఒరే, ఆ నడిపేవోడు లేని బస్సుని వెనక్కి తిప్పగలవా?"

"తిప్పగలను," అన్నాను. దాని లోపలి తీగలు రెండేళ్ళ కిందట ఆగినప్పుడే చూశాను.

పైడప్ప తన కుడి అరచెయ్యి తెరిచి చూసుకుంది. వల తాళ్ళకు అక్కడక్కడా కాయలు కాసింది. కాయల మధ్య గీతలున్నాయి. "ఇది సాలదేటి?" అని భూతద్దం కింద పెట్టి నాకు చూపించింది. చాలుతుందన్నాను. తర్వాత ఒక్కొక్కరే లేచి నా దగ్గరికొచ్చి చేతులు పెట్టారు. గంగులు చివర వచ్చాడు.

ఈరోజు బస్సు వచ్చే రోజు.

వారం నుంచి ఎవరూ వల ముట్టలేదు. కొబ్బరినూనె రాసుకుని, మెత్తటి గుడ్డ చుట్టుకుని, కుడి చేతుల్ని కోడిగుడ్ల మాదిరి చూసుకుంటున్నారు. ఎడమ చేత్తో తింటున్నారు, మొదటి రోజు సిగ్గుపడ్డారు, తర్వాత ఒకరినొకరు వెక్కిరించుకున్నారు. పొద్దున్నే అందరూ రోడ్డు పక్కకు వచ్చి నిలబడ్డారు. గంగులు ఎడమ చేత్తో పంచె కట్టుకోవడం రాక తిప్పలు పడుతున్నాడు. పక్కవాళ్ళు నవ్వుతున్నారు. పైడప్ప నా బండి పక్క సీటులో ఎక్కి కూచుని, చుట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, సీటు గట్టిగా ఉందని తిడుతోంది.

కెమెరా ఎత్తాను. గాజు అందరికీ కనిపించింది. రెండు మూడు చేతులు కొద్దిగా కదిలాయి. గుడ్డ చుట్టి ఉన్న సంగతి గుర్తొచ్చి, దేనికోసం దాచుకున్నారో గుర్తొచ్చి, ఆగిపోయాయి. ఎవరూ ఎత్తలేదు. గంగులు పంచె సగంలో ఉంది. ఒకామె ఆవలిస్తోంది. ఎవరో ఎవరినో ఇంకా తిడుతున్నారు.

ఫిల్ము: ఒక్క ఫోటో తీశాను. మిగతాది గేటు దగ్గరికి.

ఎండ: చాలినంత. నీళ్ళు: అందరికీ చాలినంత.

మాటలు: రాసుకోవడానికి తీరిక లేదు. పైడప్ప బండి తియ్యమంటోంది.